పోగు తెగితే మగ్గం ఆగాలి

(షిఫ్ట్ ఇన్‌చార్జులు, లైన్ లీడర్ల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఇక్కడికొచ్చినవాళ్లు కొందరున్నారని ఇప్పుడే చెప్పారు. కళ్లు మూతలు పడితే మొహమాటపడొద్దు, కాసేపు కునుకు తీయండి. నేనూ ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసినవాణ్ణే.

నాకిచ్చిన విషయం "తోటి ఉద్యోగుల్లో నిబద్ధత, స్వయంప్రేరణ పెంచడం ఎలా" అని. ఆ 'పెంచడం' అన్న మాట దగ్గర నేను రెండు రోజులుగా ఆగిపోయాను. ముప్ఫై ఒక్క ఏళ్లు మెషీన్ షాపుల్లో గడిపాను. పని చెడగొడదామని ఉద్యోగంలో చేరిన మనిషి ఒక్కడు కూడా నాకు తారసపడలేదు. కొత్తగా చేరిన కుర్రాణ్ణి చూడండి. యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వస్తాడు. పావుగంట ముందే గేటు దగ్గర నిలబడతాడు. మైక్రోమీటరు చేతికిస్తే పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుంటాడు. మూడేళ్లు పోయాక అదే కుర్రాడు సైరన్ మోగడానికి పది నిమిషాల ముందే చేతులు కడుక్కుని కూర్చుంటాడు. అప్పుడు మనం మీటింగు పెట్టి, "వీళ్లలో మోటివేషన్ లేదు, ఎవరినైనా పిలిచి మాట్లాడిద్దాం" అంటాం. మొదటి రోజు గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఉన్నది ఈ మూడేళ్లలో ఎక్కడికి పోయింది? ఎవరి చేతుల మీదుగా పోయింది? నేను మాట్లాడాలనుకున్నది అది.

ముందు నా చేతుల మీదుగా పోయిన ఒకటి చెప్తాను.

బాలానగర్‌లో ఒక మెషీన్ షాపు. పేరు అవసరం లేదు. బోరు మోటార్లకు, అంటే రైతులు వాడే సబ్‌మెర్సిబుల్ పంపులకు, భాగాలు చేసేవాళ్లం. నేను షిఫ్ట్ ఇన్‌చార్జిగా కొత్త. నా దగ్గర మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక ఆపరేటర్ ఉండేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. ఒక సాయంత్రం నా దగ్గరికొచ్చి, "సార్, స్పిండిల్ల ఏదో సప్పుడొస్తుంది. బేరింగ్ పోయేటట్టున్నది. ఒకపారి మెయింటెనెన్సోళ్లకు చూపియ్యుండ్రి" అన్నాడు. స్పిండిల్ అంటే మెషీన్లో తిరిగే ప్రధాన ఇరుసు. రేపు పొద్దున డిస్పాచ్ ఉంది. నేను ఆ మెషీన్ దగ్గరికి కూడా వెళ్లలేదు. "లోడు పూర్తి కానీ అన్నా, తర్వాత చూద్దాం" అన్నాను. మర్నాడు మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే జవాబు.

మూడో రోజు బేరింగ్ పట్టేసింది. అంతకుముందే రెండు షిఫ్టుల పీసుల్లో లోపలి రంధ్రం గుండ్రదనం పోయింది, మొత్తం రిజెక్ట్. పైనుంచి విచారణ వచ్చింది. మెమో ఎవరికిచ్చారో మీరు ఊహించే ఉంటారు. "అజాగ్రత్తగా మెషీన్ నడిపినందుకు" అని ఆ ఆపరేటర్‌కిచ్చారు. అతను రెండుసార్లు చెప్పాడని నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. ఉద్యోగానికి కొత్త, ఇంట్లో చిన్నపిల్ల, ఇలా నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. అవన్నీ నిజమే, కానీ వాటిలో ఒక్కటి కూడా అతనికి పనికిరాలేదు.

ఆ తర్వాత అతను నాతో గొడవ పడలేదు, పని మానలేదు. టార్గెట్ పూర్తిచేసేవాడు. నేనేం చెప్పినా "సరే సార్" అనేవాడు. అంతే. మెషీన్ గురించి, టూలు గురించి, మెటీరియల్ గురించి మళ్లీ ఒక్క ముక్క తానుగా వచ్చి చెప్పలేదు. అతనొక్కడే కూడా కాదు. పక్క మెషీన్ మీద నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు ఇదంతా చూశారు. మెమో ఇచ్చేది ఒకరికే, చదివేది మాత్రం షాపంతా.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను. మా అమ్మమ్మగారి ఊరు పోచంపల్లి పక్కన. వేసవి సెలవులకు వెళ్తే ఇంట్లోనే గుంట మగ్గం, పగలంతా ఆ టకటకల మధ్యే మా ఆట. తాతయ్య నేస్తున్నప్పుడు నేను చూసిందేమిటంటే, పడుగులో ఒక్క పోగు తెగితే ఆయన చేతిలో నాడె ఆగిపోయేది. పండగ ముందు ఎంత తొందరున్నా సరే. కొస దొరకపుచ్చుకుని, పోగు అతికి, అప్పుడు మళ్లీ నేత. "కానీయ్ తాతా, ఒక్క పోగే కదా" అన్నానొకసారి. ఆ ఒక్క పోగు లేకపోతే అక్కణ్ణుంచి బట్ట పొడుగునా గీత పడుతుందని, దాన్ని ఎంత రంగుతోనూ కప్పలేమని చూపించాడు.

చాలా ఏళ్ల తర్వాత టొయోటా పద్ధతుల మీద శిక్షణకు పంపినప్పుడు తెలిసింది, ఆ కంపెనీ పుట్టింది కూడా మగ్గంలోంచే అని. సాకిచి టొయోడా మగ్గాలు తయారుచేసిన మనిషి. పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోయేలా చేశాడు. 1924లో పూర్తయిన ఆయన ఆటోమేటిక్ మగ్గం పేటెంటు హక్కుల్ని 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. కొడుకు కీచిరో కార్ల వైపు వెళ్లాడు. తప్పు కనబడ్డ చోటే పని ఆగాలన్న ఆలోచన మాత్రం మగ్గం మీంచి కార్ల లైను మీదికి అలాగే వచ్చింది. లైను పొడుగునా ఒక తాడు. ఏ కార్మికుడైనా, నిన్న చేరినవాడైనా, తేడా కనిపిస్తే ఆ తాడు లాగొచ్చు.

ఈ తాడు కథలో మనకు బాగా పనికొచ్చేది జపాన్‌లో జరగలేదు, అమెరికాలో జరిగింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊరుంది. మీ చుట్టాల పిల్లలు ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు, ఇవాళ అది అంతగా మనవాళ్లున్న ఊరు. అక్కడ జనరల్ మోటార్స్‌కి ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. అమెరికా ఆటో పరిశ్రమలోనే అధ్వానమైన కార్మికులున్న చోటని దానికి పేరు. కొన్ని రోజుల్లో ఐదుగురిలో ఒకరు పనికి వచ్చేవాళ్లు కాదు. తాగి వచ్చేవాళ్లుండేవారు. కడుపుమంటతో కావాలనే బండ్లు చెడగొట్టినవాళ్లూ ఉండేవారు. యాజమాన్యం మీద కార్మికులు పెట్టిన ఫిర్యాదులు వేలల్లో పేరుకుపోయాయి. 1982లో ఫ్యాక్టరీ మూసేశారు.

ఆ పాత ఫ్యాక్టరీలో ఒక నియమం ఉండేది. లైను ఆగకూడదు. డోరు సరిగా కూర్చోకపోయినా, ఒక బోల్టు పడకపోయినా బండి ముందుకు కదలాల్సిందే. తప్పులన్నీ చివర్లో విప్పి సరిచేసుకునేవాళ్లు. లైన్లో నిలబడ్డ మనిషికి రోజుకు వందసార్లు తప్పు కళ్ల ముందునుంచే వెళ్లిపోతుంటుంది, అయినా చెయ్యి అడ్డం పెట్టకూడదు. మీరే ఆలోచించండి, అలా పదేళ్లు నిలబెడితే ఆ మనిషి లోపల ఏం మిగులుతుంది?

తర్వాత జనరల్ మోటార్స్, టొయోటా కలిసి అదే షెడ్డులో న్యూమి అనే ఉమ్మడి కంపెనీ పెట్టాయి. 1984 డిసెంబరులో మొదటి కారు బయటికొచ్చింది. కార్మికులు ఎవరు? పదిమందిలో ఎనిమిది మందికి పైగా పాతవాళ్లే. యూనియనూ పాతదే. వందలమందిని విడతలవారీగా జపాన్‌లోని తకావోకా ఫ్యాక్టరీకి పంపి, అక్కడి కార్మికుల పక్కన నిలబెట్టి పని నేర్పించారు. వెనక్కొచ్చాక వాళ్ల తలల మీద అదే తాడు వేలాడదీశారు.

తాడు లాగితే ఏమవుతుందో చెప్తాను, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. లాగగానే ఒక పాట మోగుతుంది, పైన బోర్డు మీద ఆ స్థానం నంబరు వెలుగుతుంది. లైను వెంటనే ఆగదు. ఒక్కో బండికి ఒక్కో మనిషి దగ్గర దాదాపు నిమిషం సమయం. ఆ నిమిషం పూర్తయ్యేలోపు టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. ఇద్దరూ కలిసి సరిచేయగలిగితే మళ్లీ తాడు లాగుతారు, లైను సాగిపోతుంది. కాకపోతే ఆగుతుంది. వచ్చిన లీడర్ మొదటి మాట "ఎవడు చేశాడు ఇది?" అని కాదు. ఏమైంది, ఏం కావాలి అని. తాడు లాగడం తప్పు కాదు, లాగకుండా తప్పును ముందుకు పంపడమే తప్పు.

ఏడాది రెండేళ్లలో పనికి రానివాళ్ల సంఖ్య ఐదు శాతం లోపుకు పడిపోయింది. ఆ కార్ల నాణ్యత జపాన్‌లో చేసిన వాటితో పోటీపడింది. మనుషులు వాళ్లే. ఊరు అదే. షెడ్డు కూడా అదే. ఎవరూ వచ్చి వాళ్లకు స్ఫూర్తి ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్లు చెయ్యి ఎత్తినప్పుడు ఒక మనిషి వచ్చాడు.

జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిని దక్షిణ కాలిఫోర్నియాలోని తన వాన్ నైస్ ఫ్యాక్టరీలో పెట్టాలని చూసింది. కుదరలేదు. 1992లో అది మూతపడింది. తాడు, బోర్డు, చార్టులు, అన్నీ కొనుక్కోవచ్చు. పరుగెత్తుకొచ్చే ఆ లీడర్‌ని మాత్రం కొనుక్కోలేం. మన దగ్గర కూడా చాలా షాపుల్లో సలహాల పెట్టె ఉంటుంది గేటు పక్కన. దాని తాళం చెవి ఎవరి దగ్గరుందో మీలో ఎంతమందికి తెలుసు? నేను పనిచేసిన ఒకచోట మూడేళ్ల తర్వాత తీస్తే లోపల పద్నాలుగు కాగితాలు. అన్నీ మొదటి రెండు నెలల్లో రాసినవే.

మళ్లీ నా ఆపరేటర్ దగ్గరికి వస్తాను. ఎనిమిది నెలలయ్యాక ఒకరోజు షిఫ్టు మారే వేళ, రెండు షిఫ్టులవాళ్లూ ఉండగా, అతని దగ్గరికెళ్లి చెప్పాను. "అన్నా, బేరింగ్ సంగతి నువ్వు నాకు రెండుసార్లు చెప్పావు. నేను వినలేదు. ఆ మెమో నాకు రావాల్సింది." పైవాళ్లకు రాతపూర్వకంగా రాసి ఆ మెమో అతని ఫైల్లోంచి తీయించాను. అందరి ముందు చెప్పడం ఎందుకంటే, అవమానం అందరి ముందే జరిగింది కాబట్టి. గదిలోకి పిలిచి చెబితే అది నా ఓదార్పు కోసం అవుతుంది.

అతనేం కరిగిపోలేదు. "సరే సార్" అన్నాడు, ఎప్పటిలాగే. ఇంకో నాలుగు నెలలు అలాగే నడిచింది. నేను అర్థం చేసుకున్నది ఏంటంటే, పోయింది ఒక్కరోజులో అయినా తిరిగి రావడానికి మన క్యాలెండరు పనికిరాదు, వాళ్ల క్యాలెండరే. ఆ నాలుగు నెలలూ నేను చేసింది ఒక్కటే. ఎవరు ఏం చెప్పినా చేతిలో కాగితం పక్కన పెట్టి మెషీన్ దాకా నడిచి వెళ్లడం. సమస్య లేకపోయినా సరే. ఒక రాత్రి రెండున్నరకి ఆయనే వచ్చాడు. "సార్, చక్ జారుతున్నట్టుంది, జర వచ్చి చూస్తరా?" అన్నాడు. అప్పుడు నేను వెళ్లిన వేగం నాకింకా గుర్తుంది. పీసును బిగించి పట్టుకునే ఆ చక్ నిజంగానే జారుతోంది. మెషీన్ ఆపించాం. పొద్దున డిస్పాచ్ నాలుగు గంటలు ఆలస్యమైంది, నాకు చీవాట్లు పడ్డాయి. ఆ చీవాట్లు నేను తిన్నాను, కింద ఎవరికీ పంచలేదు. షాపు వాతావరణం మారడం నాకు తెలిసి ఆ వారం నుంచే మొదలైంది.

ఇక ఇన్సెంటివ్‌ల గురించి చాలామంది అడుగుతారు. ముందు ఒక మాట. జీతం సరిగా ఇవ్వకుండా, ఓవర్‌టైం డబ్బులు నెలలు ఆపేసి, నిబద్ధత గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అది తీరాక వచ్చే ప్రశ్న వేరు. ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ఒక ప్రయోగం ప్రచురించాడు. కాలేజీ విద్యార్థులకు ఏడు ముక్కల పజిల్ ఇచ్చాడు. కొందరికి ఒక్కో పజిల్ పూర్తిచేస్తే ఒక డాలరు. తర్వాత ఆ డాలరు ఆపేశాడు. ఖాళీ సమయంలో ఎవరూ అడగకుండా ఆ పజిల్‌తో ఆడుకోవడం డబ్బు తీసుకున్నవాళ్లలో తగ్గింది. సరదాగా చేసే పనిని మనం బేరంగా మార్చితే, బేరం పోయాక సరదా కూడా మిగలదు. మా షాపులో పీసుకింత అని బోనస్ పెట్టిన ఆర్నెల్లలో పీసులు పెరిగాయి. కొత్తవాళ్లకు పని నేర్పేవాళ్లు కరువయ్యారు. నేర్పితే తన లెక్క తగ్గుతుంది మరి. తర్వాత దాన్ని షిఫ్టు మొత్తానికి ఒకే బోనస్‌గా మార్చాం, కొంత నయమైంది.

బోనస్ కంటే ఎక్కువ పనిచేసింది ఒక బస్సు ప్రయాణం. మా ఆపరేటర్లను ఒక ఆదివారం గజ్వేల్ దగ్గర మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్లాం. అప్పుడే ఒక రైతు కాలిపోయిన మోటారు ట్రాలీలో వేసుకుని వచ్చాడు. బోరులోంచి మోటారు తీయడమంటే మీలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు తెలుసు. మూడు కాళ్ల స్టాండు వేసి, పైపు తర్వాత పైపు విప్పుకుంటూ మూడొందల అడుగుల నుంచి పైకి లాగాలి. కూలీలకు ఇవ్వాలి. వైండింగ్‌కు ఇవ్వాలి. ఈలోపు పొలం ఎండుతుంది. వైండింగ్ మేస్త్రీ మోటారు విప్పి, "బుష్ అరిగింది, షాఫ్టు పక్కకు వాలింది, అందుకే కాలింది" అని చూపించాడు. షాఫ్టును నిలబెట్టే ఆ బుష్ మా షాపుది కాదు, వేరే కంపెనీది. కానీ మావాళ్లు దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. తిరుగు ప్రయాణంలో బస్సులో పాటలు లేవు. సోమవారం నాడు ఒక కుర్రాడు తాను చేసిన ఆరు పీసులు తీసుకొచ్చి రిజెక్ట్ పీసులు వేసే ఎర్రడబ్బాలో వేశాడు. గేజ్‌లో పాస్ అయినవే. "ఫినిషింగ్ నాకు నచ్చలేదు సార్" అన్నాడు. ఆరు పీసుల నష్టం నేను సంతోషంగా రాసుకున్నాను. వాటిలో పెట్టిన శ్రద్ధ నేను నేర్పింది కాదు. ఆ కుర్రాడి నాన్నకూ ఊళ్లో ఒక బోరుంది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో కూడా ఇలాంటిదే గమనించారు. విరాళాల కోసం ఫోన్లు చేసే ఉద్యోగులను, ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ల మీద గడిపే సమయం రెట్టింపు దాటింది. ఎవరి కోసం చేస్తున్నామో ఆ ముఖం చూపించడం మన చేతిలో ఉన్న పని. దానికి బస్సు డీజిలు ఖర్చు తప్ప ఏం కావాలి?

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. చీటీ ఒకటి వచ్చింది, చదువుతాను. "మా దగ్గర సగానికి పైగా కాంట్రాక్టు కార్మికులు. ఆర్నెల్లకోసారి మారిపోతారు. వాళ్ల నుంచి నిబద్ధత ఎలా వస్తుంది?"

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, దీనికి తీపి జవాబు చెప్పను. ఆర్నెల్ల తర్వాత నువ్వెవరో మాకు తెలియదు అని కాగితం మీద రాసిచ్చిన మనిషిని, కంపెనీని సొంతంగా భావించమని అడగలేం. ఫ్రీమాంట్ గురించి చెప్పాను కదా. అక్కడ యూనియన్‌తో ఒప్పందంలో ఒక మాట రాశారు. గిరాకీ పడిపోయినా కార్మికులను తీసేసే ముందు పై అధికారుల జీతాలు కోసుకుంటామని. 1988 ప్రాంతంలో నిజంగానే అమ్మకాలు బాగా పడ్డాయి. ఎవర్నీ తీయలేదు. ఖాళీగా ఉన్నవాళ్లను శిక్షణకు, మెషీన్ల మెరుగుదల పనులకు మళ్లించారు. కార్మికులు తాడును పూర్తిగా నమ్మడం అప్పటి నుంచేనని నాకనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీ కూడా 2010లో మూతపడింది, ఇప్పుడక్కడ టెస్లా కార్లు తయారవుతున్నాయి. ఏదీ శాశ్వతం అని చెప్పడం లేదు. కష్టకాలం వచ్చినప్పుడు ముందు ఎవరి మెడ మీద కత్తి పడుతుందో కార్మికుడు చూస్తాడు, అది చెప్తున్నాను.

కాంట్రాక్టు విధానాన్ని మార్చే అధికారం ఇక్కడున్న మనకు లేదు, నాకూ ఉండేది కాదు. నేను చేయగలిగింది కొంచెమే. కాంట్రాక్టర్‌తో కూర్చుని, పని నేర్చిన పదకొండు మందిని మార్చొద్దని ఒప్పించాను, అదీ రెండేళ్లు పట్టింది. వాళ్లకు కూడా అదే క్యాంటీన్, అదే ప్లేటు. సేఫ్టీ షూలు మొదటి రోజే. రోస్టర్ మీద "కాంట్రాక్ట్-1, కాంట్రాక్ట్-2" అని రాసే చోట పేర్లు రాయించాను. మా షాపులో వాళ్లని "ఏయ్ కాంట్రాక్ట్" అని పిలిచే అలవాటుండేది, దాన్ని మాన్పించడానికి నేను చాలామందితో పోట్లాడాను. ఆ పదకొండు మందిలో నలుగురు పర్మినెంట్ అయ్యారు. మిగతావాళ్లకు నేనేమీ చేయలేకపోయాను. ఆ బాధ నాకింకా ఉంది, అది మీకు తెలియాలి.

టైమ్ అయిపోయిందని నిర్వాహకులు చేయి చూపిస్తున్నారు. ఒక్క నిమిషం ఆగండి సార్. వెనక వరసలో, ఆ స్తంభం పక్కన ఒక అబ్బాయి ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతూ, మళ్లీ దించేసుకుంటున్నాడు. మైక్ అక్కడిదాకా రాకపోతే నేనే వస్తాను. చెప్పు నాయనా.